సున్నంతో గీసిన ఇల్లు

మా అక్క తెరేసమ్మ కూతురు ఎలిజబెత్ మద్రాసులో బొమ్మల చదువు చదివొచ్చింది. వచ్చాక కుదురుగా ఒక్క పని చేస్తేనా! కొన్నాళ్లు సినిమా బ్యానర్లకు రంగులేసింది, కొన్నాళ్లు నాటకాల తెరలు రాసింది. ఆ తర్వాత కెమెరా మెళ్లో వేసుకుని కంకిపాడు సంతలో జనం కాళ్లు మాత్రమే ఫోటోలు తీసింది. "మొహాలేం పాపం చేశాయే?" అంటే నవ్వేది.

డెబ్బై ఆరులో బెజవాడ గవర్నరుపేటలో ఒక హాలు మాట్లాడుకుని ఎగ్జిబిషన్ పెట్టింది. మా అక్కకు ఒళ్లు మండింది.

"ఇదే ఆఖరు. జనం నవ్వారంటే సిస్టర్ల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరాలి. మరియమ్మ తల్లి మీద ఒట్టెయ్యి" అంది.

పిల్ల ఒట్టేసింది. అది మాట తప్పే రకం కాదు.

ఆదివారం గుళ్లో పూజ అవగానే మా పేట నుంచి పదిహేను మందిమి బస్సెక్కి వెళ్లాం. హాల్లో ఒక్క బొమ్మ ఉంటే ఒట్టు! నేల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. మా అక్క ఇంటి కొలతలే, అంగుళం తేడా లేదు. గోడల్లేవు, కప్పు లేదు. గీతల మధ్య పొయ్యి, నులక మంచం, మరియమ్మ పటం ఉన్నాయి.

"దీనికా మద్రాసు చదువు!" అని అక్క రుసరుసలాడుతూ గీతలు దాటి లోపల నిలబడింది.

గీతల్లో వాకిలికని ఒకచోట సందు వదిలింది పిల్ల. మా మరియదాసు బావ అక్కడ చెప్పులు విడిచి, నడుం వంచి మరీ లోపలికెళ్లాడు. అక్క ఇంటి గుమ్మం అంత పొట్టి. వెనకే నేనూ వంగాను, నా వెనక అందరూ వంగారు. లేని గుమ్మానికి వంగుతున్నామని పట్నం వాళ్లు పగలబడి నవ్వారు. అప్పుడు చూసుకుని మేమూ నవ్వేశాం.

అక్క మాత్రం నవ్వలేదు. "విన్నావుగా" అంది. ఎలిజబెత్ మొహం వాడిపోయింది.

అంతలో పద్మావతమ్మ గారు వచ్చారు. మేం నాట్లేసే పొలం వాళ్లదే. ఎలిజబెత్ స్వయంగా వెళ్లి పిలిచిందట, దాని ధైర్యం తగలెయ్య! ఇరవై ఏళ్లుగా మమ్మల్ని పనికి పిలవాలంటే ఆవిడ వీధిలో నిలబడి కేకేయడమే గాని మా గడప తొక్కింది లేదు. ఇక్కడా గీత అవతలే ఆగారు. పొయ్యి చూశారు, పటం చూశారు. ఏం తోచిందో ఏమో, "తెరేసా, లోపలికి రానా?" అన్నారు.

అక్క బిత్తరపోయింది. "రండమ్మగారూ" అంది.

ఆవిడ చెప్పులు విడిచి నిటారుగా నడిచొచ్చారు. గుమ్మం ఎత్తెంతో ఆవిడకేం తెలుసు?

"అయ్యో అమ్మగారూ, తల!" అని అక్క కెవ్వుమంది. ఒక్క అంగలో వెళ్లి ఆవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. పద్మావతమ్మ గారు ఆ చేతి కింద నుంచి వంగి వచ్చి మంచం మీద కూర్చున్నారు. "ఎప్పుడూ రాలేదుగా, తెలీలేదే" అన్నారు మెల్లగా. నాకైతే ఏడుపొచ్చేసింది.

లేని గుమ్మానికి అడ్డం పెట్టిన తన చేతిని అక్క అప్పుడు చూసుకుంది.

"అమ్మా, మరి నా ఒట్టు?" అంది ఎలిజబెత్.

"మరియమ్మ తల్లితో నేను మాట్లాడుకుంటాలే. ముందా పొయ్యి జానెడు అటు జరుపు, తప్పు చోట పెట్టావు" అంది అక్క. "మళ్లీ ఎక్కడ గీసినా నన్ను తీసుకెళ్లు. వచ్చేవాళ్ల తల కొట్టుకోకుండా గుమ్మం దగ్గర ఎవరో ఒకరుండాలిగా."