పీటమీద నిలిచిన పాపము

వైశాఖమాసపు పూర్వాహ్ణమున చండకిరణుడు పాలవలసపురముపై నిప్పులు చెరుగుచుండ వడగాడ్పులకు కమిలిన వేపచిగుళ్లు తలలు వాల్చుచుండ పురజనులెల్లరు చిద్ఘనానందస్వామి మఠమండపమున చెమటలు కార్చుచు కిక్కిరిసి యుండిరి. సాంబ్రాణిపొగయు మురిగిన పూలకంపును తడిబట్టల ముక్కవాసనయు కలిసిన యా దుర్గంధమునకు ఉన్నతపాఠశాలయందు ప్రకృతిశాస్త్రోపాధ్యాయుడగు కామేశము మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను. ఆ పొగమాటున మరియొక ఘాటు వాసన యాతని ముక్కునకు సోకెను. అది తన ప్రయోగశాలలో నిత్యము పీల్చు నత్రికామ్లపు వాసన.

ఆ మఠమున నొక యాచారము కలదు. భక్తులు బావినీట మునిగి తడిబట్టలతో వచ్చి నీరు చల్లిన రాతినేలపై వట్టికాళ్లతో నిలిచి పీఠమందలి వెండిపాదుకలను తాకవలయును. చేయి జల్లుమని యదరినవారు పుణ్యాత్ములు, అదరనివారు మహాపాపులు. స్వామి మాత్రము కొయ్యపావుకోళ్లు విడువక పాదుకల నంటెడివాడు. ఆ వింతను విచారించిన పుణ్యాత్ముడొక్కడును లేడయ్యెను.

ముందటిదినమున కామేశము చెల్లెలు భ్రమరాంబ పాదుకలను తాకగా నామె చేయి యించుకైనను అదరలేదు. అత్తగారగు పుల్లమాంబ కోడలి శీలము చెడెనని గగ్గోలు పెట్టి జుట్టుపట్టి యీడ్చెను. భర్త సుందరశివుడు బెల్లము కొట్టిన రాయివలె మిన్నకుండెను. నేడు పెద్దలయెదుట స్వామి నోట మాట వెలువడినంతనే యామెను శాశ్వతముగ వెడలగొట్టుటకు నిశ్చయమయ్యెను. వార్త తెలిసిన కామేశము తొలిబండి పట్టుకొని వచ్చి చెల్లెలిని చేరెను.

“అమ్మా, నీవెట్లు తాకితివి?”

“అందరివలెనే అన్నయ్యా. పదిమంది త్రొక్కిన తడినేల మైల యని అత్తగారు పొడిపీట వేయించినారు. దానిపై నిలిచి తాకితిని.”

ఆడుదాని బ్రతుకు నొక కొయ్యపీటతో తూచిన యీ భక్తశిఖామణులను చూచుటకే కామేశమునకు రోత పుట్టెను. అయినను ఆ పొడిపీటను తెచ్చి పాదుకలముందు వేసి, చేతులు జోడించి పుల్లమాంబ కడకు పోయెను.

“అత్తగారూ, తమవంటి పుణ్యవతులు ఈ పీటపై నిలిచి యొక్కమారు పాదుకలంటి నా చెల్లెలికి బుద్ధి చెప్పవలయును.”

స్వామి “వలదు, వలదు” అనుచు లేచునంతలోనే యా వృద్ధ యుబ్బి తబ్బిబ్బై పీటనెక్కి పాదుకల నంటెను. చేయి యదరలేదు. రెండు చేతుల నంటెను. అదరలేదు. మండపమున గుసగుసలు పుట్టెను. ఆమె ముఖమున నెత్తురుచుక్క లేకపోయెను.

అంతట కామేశము పీఠముపై కప్పిన పట్టువస్త్రమును లాగివేసెను. లోపల ఆమ్లమున నానుచు విద్యుత్తు పుట్టించు తుత్తునాగపు రేకులు, బొగ్గుకడ్డీలు గల గాజుకుండలును వాని నంటిన తీగచుట్టయు బయటపడెను. ఆ చుట్టనుండి యొక తీగ పాదుకలను, వేరొకటి నేలరాళ్లక్రిందను చేరియుండెను.

“అయ్యలారా, విద్యుత్తు బయలుదేరిన చోటికి మరల చేరుటకు త్రోవ యున్నగాని ప్రవహింపదు. తడిసిన దేహము త్రోవ, తడిసిన నేల త్రోవ, పొడికొయ్య యడ్డుకట్ట. దానికి పుణ్యము తెలియదు, పాపము తెలియదు.” అని యాతడు తీగలను పెరికివేసెను. స్వామి తేలుకుట్టిన దొంగవలె దొడ్డిత్రోవ పట్టెను.

నిన్న భ్రమరాంబపై నుమిసిన నోళ్లే నేడు “మహాసాధ్వి” యని పొగడజొచ్చెను. ఆ పొగడ్త కామేశమునకు ఆ తిట్టుకంటెను నీచముగ తోచెను. సుందరశివుడు తల వంచుకొని భార్యను సమీపించెను.

“జరిగినదేదో జరిగినది. ఇంటికి రా, భ్రమరా.”

ఆమె యాతనిని తేరిపార జూచెను.

“నిన్న మీ తల్లి నన్నీడ్చుచుండగా మీ దేహమున నొక్క యదరైన పుట్టలేదే. నేను ఏ పీటపై నిలిచితినో మా అన్నయ్య చెప్పినాడు. మీరు ఏ పీటపై నిలిచితిరో మీరే చెప్పవలయును.”

ఆమె బావికడకు పోయి పాదుకలంటిన చేతిని బూడిదతో ముమ్మారు తోమి కడిగి అన్న వెంట బండి యెక్కెను. జనులు తొలగిన మండపమున తీగలు తెగిన వెండిపాదుకలపై ఈగలు ముసురుకొని యుండెను. వానిలో నొక్కటియు అదరలేదు.