సపోర్టు పీకినంక

మా ఆయన యిర్మియా బొగ్గుబాయిల పనిచేసేటోడు. కప్పు కూలకుండ చెక్క సపోర్టులు నిలబెట్టుడు, బొగ్గు తీసినంక వాటిని పీకుడు ఆయన డ్యూటీ.

నిరుడు ఆయనకు నా కిడ్నీ ఒకటి పెట్టిండ్రు. పరాయి కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండ రోజూ గోలీలు మింగుతడు. ఎండకాలం సంది నీళ్ల విరేచనాలు ఆగుతలేవు. ఒకటే నల్లా నీళ్లు తాగినం, నాకేం కాలే. ఆయన మాత్రం బొక్కల గూడైండు. దవాఖానల మైక్రోస్కోపు కింద ఎన్నిసార్లు చూసినా ఏం లేదన్నరు.

"ఏం లేకుంటే మనిషి ఎందుకు కరిగిపోతుండు?" అని నేను కొట్లాడితే, మలం డబ్బ హైదరాబాద్ పంపిండ్రు. ఆడ పీసీఆర్ పరీక్షల పేగుల పురుగు జన్యువు దొరికింది. కండ్లకు ఆనని పురుగు పట్టుబడ్డదని మోకాళ్లూని స్తోత్రం చెప్పిన.

డాక్టరు మాత్రం ఆ రిపోర్టు మీదికెల్లి తలెత్తలే. "ఒక్క మందుతోనే ఇది చావదమ్మా. ఒంట్లో రోగంతో కొట్లాడే బలం రావాలె. ఆ బలాన్ని అణిచేది కిడ్నీ గోలీలే, వాటిని తగ్గియ్యాలె. తగ్గిస్తే కిడ్నీ పోవచ్చు."

"పోతే పోనియ్యి," అన్న. "ఇచ్చినదాన్ని నేనే చెప్తున్న."

మంచంల పండుకున్న యిర్మియా చెయ్యి చాపి, నా నడుము పక్క కోత మచ్చ మీద పెట్టిండు.

"బాయిల సపోర్టు పీకంగనే ఉరికేటోళ్లం, హన్నా. కప్పు మా ఎనుక కూలేది," అన్నడు. "గిప్పుడు కప్పు నా లోపటనే ఉన్నది. ఎటు ఉరకాలె?"