నిండుగా దిగిన నీళ్ల జగ్గు

మీరే చంపారు. నలభై అంతస్తుల మేడ గీసి, పైన నూట ఇరవై మంది పనిచేస్తారని తెలిసీ, పాయఖానా మాత్రం నేలమీద ఒకటే పెట్టించిన ఇంజనీర్లూ, దాని మీద సంతకం చేసిన కంపెనీ పెద్దలూ, లింబాద్రిని మీరే చంపారు. గుండె ఆగిందని రాసుకుంటే నేను ఒప్పుకోను. నేనక్కడే ఉన్నాను.

నేను ఒక నీళ్ల జగ్గును. ఐదు లీటర్లు పడతాయి. నీలం ఒళ్లు, తెల్ల మూత, కింద చిన్న కుళాయి. ఎక్కడో అచ్చులోంచి ఊడిపడి, ఈ ఎడారి పట్నంలో లేబర్ క్యాంపు పక్క దుకాణంలో తేలాను. దాహమైనవాడు తాగుతాడనే నన్ను చేసినవాళ్లు అనుకున్నారు, పాపం.

నన్ను కొన్నది బక్కన్న. నిర్మల్ దగ్గర పల్లె అతనిది. రెండేళ్లుండి పోదామని వచ్చి పంతొమ్మిదేళ్లు ఉండిపోయాడు. వచ్చినప్పుడు ఇక్కడంతా ఇసుకే. తాను కట్టిన మేడల మధ్య చివరికి తనకే దారి తెలిసేది కాదు. ఊళ్లోవాళ్లు స్థిరపడ్డాడని చెప్పుకునేవారు. నిజమే, ఎనిమిది మంది గదిలో పైమంచం మీద స్థిరపడ్డాడు! రోజూ నన్ను నింపి పైకి మోసేవాడు, సాయంత్రం సగానికి పైగా మిగిల్చి దించేవాడు. కిడ్నీలు పాడయ్యాయి. నీళ్లు తాగకే పోయాయని డాక్టరు చెప్పినా, ఈ దేశం నీళ్లు పడలేదనే అతని నమ్మకం.

ఇంటికి పోతూ, అదే ఊరినుంచి కొత్తగా వచ్చిన లింబాద్రికి నన్ను అప్పజెప్పాడు.

"తమ్మీ, పొద్దంత సల్లగుంటయి నీళ్లు. గని గొంతు తడుపుకో, కడుపు నింపుకోకు."

"గిదేం ముచ్చటనే అన్నా? జగ్గు ఇచ్చుడేంది, తాగకనుడేంది?" లింబాద్రి నవ్వాడు.

"తాగితే దిగాలె. లిఫ్టు సామానుకే, మనకు గాదు. ముప్పై ఎనిమిది అంతస్తులు మెట్ల మీద దిగి మల్ల ఎక్కాలె. ఒక్కపూటల మూడుసార్లు దిగినోన్ని ఫోర్‌మన్ ఇంటికి తోలుతడు."

ప్రేమతోనే చెప్పాడు. నా ఒంటిమీద బక్కన్న పేరు కొట్టేసి, కింద మార్కరుతో లింబాద్రి అని రాసుకున్నారు.

జూలైలో ఒకరోజు లింబాద్రికి కడుపు బాగాలేదు. పదింటికే రెండుసార్లు దిగి వచ్చాడు. ఫోర్‌మన్ సత్తన్న మెట్ల దగ్గరే కాపు కాశాడు. అతనిదీ పక్క మండలమే.

"ఏంరా, కడ్డీలు కట్టనీకొచ్చినవా, మెట్లు లెక్కవెట్టనీకొచ్చినవా? ఇంకోపారి దిగు, సీదా ఏర్‌పోర్టుకే దిగుతవు."

అందరూ నవ్వారు. లింబాద్రి కూడా నవ్వాడు. ఆ తర్వాత నన్ను ముట్టలేదు. రెండుసార్లు చెయ్యి నా కుళాయి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఒకసారి వంగి, నా చల్లటి ఒంటికి చెంప ఆనించాడు. అంతే, తాగలేదు. పదకొండున్నరకి, ఒంట్లో నీరంతా అయిపోయి, అతని చెమట ఆగిపోయింది. ఎండ తగ్గిందనుకున్నాడు కాబోలు. కడ్డీల మీదే బోర్లా పడ్డాడు.

పక్కవాడు నా మూత తీసి రెండు దోసిళ్లు మొహాన కొట్టాడు. లేవలేదు. సామాన్ల లిఫ్టు అప్పుడొచ్చింది. ప్రాణం పోయాక మనిషీ సామానే కదా!

సేఫ్టీ ఆఫీసరు వచ్చి నన్ను ఎత్తి చూశాడు, ఫోటో తీశాడు. నీళ్లు ఇచ్చాం, జగ్గు నిండుగానే ఉంది, అతనే తాగలేదు అని రాశాడు. గుండె ఆగి సహజ మరణమట. సాక్షి సంతకం సత్తన్నది. నా కడుపు నిండుగా ఉండటమే వాళ్లకు అక్కరకొచ్చింది.

విరిగిన హెల్మెట్ల కింద పది రోజులు పడి ఉన్నాను. ఇవాళ స్టోరువాడు బయటికి లాగి, లింబాద్రి పేరు కొట్టేసి, అతని జాగాలో కొత్తగా వచ్చిన సాయన్న పేరు రాశాడు. రేపు పొద్దున నన్ను మళ్లీ పైకి మోస్తారు.

నాకంటే ముందు పాయఖానా పైకెక్కాలి. ప్రతి పదో అంతస్తులో ఒకటి. లిఫ్టు బతికున్న మనుషులకు తెరవాలి. ఆ కాగితం చించేసి, దాహంతో చంపామని మీ చేత్తోనే రాయాలి. అడిగితే ఇస్తారని నాకు నమ్మకం లేదు. అందుకే సాయన్నా, నీకే చెబుతున్నాను. నా కుళాయి తిప్పు. కడుపునిండా తాగు. పక్కవాడికీ పొయ్యి. ఒక్కడు దిగితే ఇంటికి తోలుతారు. నూట ఇరవై మందీ ఒకేసారి దిగండి.