పైకప్పు లేని బండి

నేను ఒక నిఘా బండిని. నిజానికి ఆదివారాలు కుటుంబాలను షికారు తిప్పే కారుగా పుట్టవలసినదాన్ని. 1932లో ఆ చట్రం మీదే ఉక్కు రేకులు బిగించి, ఒక మరతుపాకీ పెట్టి, జర్మన్ సైన్యానికి అప్పగించారు. పైన కప్పు లేదు, లోపల రేడియో లేదు. శత్రువు ఎక్కడున్నాడో చూసి, వెనక్కి వచ్చి చెప్పడం నా ఉద్యోగం. సైనికులు నన్ను స్నానాల తొట్టి అని వెక్కిరించేవారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీకి ట్యాంకులు ఉండకూడదని గెలిచినవాళ్లు ఒప్పందం రాయించుకున్నారు. అందుకని నేను పుట్టకముందు మా సైనికులు కార్లకు అట్టలూ గుడ్డలూ చుట్టి, అవే ట్యాంకులనుకుని యుద్ధం నేర్చుకున్నారట. మనుషులు దేన్నైనా ఎంత శ్రద్ధగా నమ్ముతారో!

నన్ను మొదట నడిపినవాడు ఎమిల్ రాష్కే. సైన్యంలో చేరకముందు టాక్సీ తోలేవాడు. పరీక్ష మైదానంలో మూడు వారాలు తిప్పి, ఇసుకలో దిగబడ్డప్పుడల్లా భుజం ఆన్చి నెట్టి, చివరికి నివేదికలో ఉన్నమాట రాశాడు: "దీన్ని యుద్ధానికి పంపితే తుపాకీ పట్టినవాడి తల దక్కదు."

మేజరు చదివి నవ్వాడు.

"యుద్ధానికి ఎవరు పంపుతారయ్యా? అసలు బండ్లు వచ్చేదాకా నేర్చుకోవడానికేగా ఇది. ఆ వాక్యం కొట్టెయ్."

ఎమిల్ కాసేపు కలం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కొట్టేశాడు.

అసలు బండ్లు వచ్చాయి గాని చాలలేదు. 1939 సెప్టెంబరులో నన్నే పోలండులోకి పంపారు. తోలింది ఎమిలే. తుపాకీ దగ్గర లోరెంట్స్, ఊళ్లో పియానోలు బాగుచేసుకునే మనిషి.

"పైన కప్పు పెట్టలేదేం అన్నా?" అన్నాడు లోరెంట్స్.

"గాలాడాలని."

లోరెంట్స్ పకపకా నవ్వాడు. ఎమిల్ నవ్వలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం ఒక పిండిమర దగ్గర నా చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. మర కిటికీల్లోంచి తూటాలు వచ్చాయి. తమ ఊరు కాచుకుంటున్నవాళ్లు. వాళ్లను తప్పు పట్టడానికి నేనెవరిని? ఎదురు కాల్చడానికి లోరెంట్స్ తల పైకెత్తాడు. మరుక్షణం తలకు తూటా తగిలి, ముందు కూర్చున్న ఎమిల్ వీపు మీదికి ప్రాణం లేకుండా ఒరిగిపోయాడు.

పిండిమరలో శత్రువు ఉన్నాడని వెనకున్న దళానికి చెప్పడానికి ఎమిల్ పొలాలకు అడ్డంపడి పరుగెత్తాడు. అక్కడి అధికారి పటం మడుస్తూ, "మన దళం ఇక అటు రాదు, పొద్దున్నే దారి మార్చేశాంగా. మీకు చెప్పేదెలా, రేడియో లేదాయె," అన్నాడట.

తర్వాత నా చిల్లులు పూడ్చి శిక్షణ కేంద్రంలో పెట్టారు. ఎమిల్‌నూ అక్కడికే వేశారు. ఒకరోజు లోరెంట్స్ భార్య హెడ్విగ్ వెతుక్కుంటూ వచ్చింది. నాలోకి ఎక్కి, భర్త నిలబడ్డ చోట నిలబడింది. చెయ్యి పైకి చాపింది. వేళ్లకు ఏమీ తగల్లేదు.

"ఇలా ఉంటుందని ఎవరికీ తెలియదా?" అంది.

"నాకు తెలుసమ్మా," అన్నాడు ఎమిల్. "రాశాను. కొట్టెయ్యమంటే కొట్టేశాను."

ఆమె దిగబోయింది. ఎమిల్ చెయ్యి అందించాడు. ఆమె ఆ చేతిని చూసి, నా అంచు పట్టుకుని తనంతట తానే దిగి వెళ్లిపోయింది. అతని చెయ్యి చాలాసేపు అలాగే చాచి ఉంది.

ఇప్పుడు తుక్కు కుప్పలో ఉన్నాను. రేపో మాపో కరిగించి ఇంకేదో చేస్తారు. ఏం చేస్తారో నాకెవరూ చెప్పరు. కప్పు ఏదని అడిగిన లోరెంట్స్‌కు మాత్రం ఎవరు నిజం చెప్పారు గనుక?