కుర్చీ మోసిన బావగారు

ఏసుపాదానికి ఊపిరితిత్తుల్లో కేన్సరని తెలిసిన నెలలోనే అతని అక్క మొగుడు కృపానందం తొందరపడ్డాడు. సంఘపెద్ద కదా, ఆదివారం ఆరాధనలో లేచి, "ప్రభువా, మా ఏసుపాదానికి పరలోకంలో చోటు సిద్ధపరచు" అని గొంతెత్తి ప్రార్థన చేసేశాడు. ఆ మనిషేమో ఎదురు బెంచీలోనే బతికి ఉన్నాడు! పక్కన పెళ్ళాం సుందరి గొల్లుమంది. సంఘమంతా "ఆమెన్" అంది. ఆ ఆమెన్ ఏసుపాదం గుండెల్లో ముల్లై దిగింది. పోయేలోగా ఈ బావ పరువు వీధిన పెట్టాలి, అంతే.

దారి ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే డాక్టరమ్మే చూపించింది.

"రోజూ నడవండి. ఒంటరిగా వద్దు. నడుస్తూ మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవాలి. మాట ఆగిందంటే మీరూ ఆగి కూర్చోవాలి. ఛాతీలో నొప్పొచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఫోన్ చెయ్యండి."

"మాట్టాడుతూ నడవాలాండీ?" ఏసుపాదం మొహం వెలిగిపోయింది. "ఆయ్, తప్పకుండానండీ!"

తోడు రమ్మని అక్క చేత చెప్పించేసరికి కృపానందం కాదనలేకపోయాడు. మర్నాటి నుంచి అంబాజీపేట వీధుల్లో ముందు ఏసుపాదం, వెనకాల ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని బావగారు.

"దీనమ్మత్తా, బాగున్నావా? మా బావగారు నన్ను పైకి పంపేసేరు కదా, అక్కడ కుర్చీల్లేవంట. అందుకే మోయిస్తున్నాను."

"ఒరే, మెల్లిగా మాట్టాడరా!"

"డాక్టరమ్మగారి ఆర్డరండి బావగారూ. నోరు మూస్తే ప్రమాదమంట."

ఓ ఉదయం కొబ్బరి కొట్ల దగ్గర లారీల చుట్టూ జనం కనబడ్డారు. అంతమంది మళ్ళీ దొరుకుతారా? ఏసుపాదం జోరుగా అడుగులేసి, నోరు తెరిచాడు. మాట రాలేదు.

కృపానందం కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఒరే, ఏదోటి అనరా! పోనీ తిట్టరా!"

ఏసుపాదం మోకాళ్ళ మీద చేతులాన్చి, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లగా ఊపిరి వదిలాడు. కాసేపటికి గొంతు పెగిలింది. చుట్టూ మూగిన హమాలీలను తాపీగా చూశాడు.

"ఈయనేనండీ... నేనుండగానే... నాకు పైన చోటు అడిగింది."

హమాలీలు ఘొల్లున నవ్వారు. కృపానందం తల వంచుకున్నాడు.

"తప్పయిపోయిందిరా. వచ్చే ఆదివారం గుళ్ళో అందరి ముందూ ఒప్పుకుంటాను. ఇంక వదిలెయ్యి."

"ఒప్పుకోండి, మంచిదే." ఏసుపాదం లేచి ఇంటిదారి పట్టాడు. ఈసారి అడుగులు నిదానంగా పడ్డాయి. "దూరం కొంచెం కొంచెం పెంచమన్నారు డాక్టరమ్మగారు. సోమవారం నుంచి మీ వియ్యంకుడిగారి వీధికి వెళ్దామండి."