చూపించడానికి ఒక్క గోడ

ఆ కొండమీదికి ఇటుక రావాలంటే కంచరగాడిద మోయాల్సిందే. అందుకే తాపీపని నేర్పే కేంద్రానికి ఆరువందల ఇటుకలే ఇచ్చారు. సిమెంటు సంగతి దేవుడెరుగు! పొద్దున్న బురదతో గోడ కట్టాలి, సాయంత్రం విప్పాలి, ఇటుకలు కడిగి పేర్చాలి. మర్నాడు మళ్ళీ అవే ఇటుకలు. ఆరు నెలలు ఇదే తంతు.

చిన్నకోడలు ఒక్కరోజు మానలేదు. మొగుడు కిందికి పనికి పోయి, నడుం విరగ్గొట్టుకొచ్చి మంచం పట్టాడు. తనూ కొండ దిగితే ఆయన్నీ, ఇద్దరు పిల్లల్నీ ఎవరు చూస్తారు? పైన ఆస్పత్రి కడతారట. అందులో మేస్త్రీ పని దొరికితే ఇల్లు వదలక్కర్లేదు. ఆ ఆశతోనే చేతులు పుళ్ళుపడినా తాపీ వదల్లేదు.

"కట్టేదీ నువ్వే, కూల్చేదీ నువ్వే! ఏం గాడిద చాకిరీయే ఇది?" అని అత్త రోజూ దెప్పేది.

సర్టిఫికెట్టు వచ్చింది. నేర్పిన మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు. ఆస్పత్రి కాంట్రాక్టరు చిన్నకోడలి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాగితాలకేం, బోలెడు! నువ్వు కట్టిన గోడ ఒక్కటి చూపించమ్మా, రేపే పనిలోకి రా."

చూపించాలట! నూట పాతిక గోడలు కట్టింది మహాతల్లి. తూకం గుండు వేలాడదీసి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఒక్కటైనా మిగిలితేగా!

"ఇప్పుడే కట్టి చూపిస్తా బాబూ."

"బురదతో ఎవరైనా కడతారు. నా సిమెంటు నీ చేతిలో పెట్టలేను తల్లీ." స్థలంలో ఉన్న పాత గోదాము వైపు చూశాడు. "ఇటుక పగలకుండా దాన్ని విప్పగలవా?"

అది రాకపోవడమేమిటి! తలూపింది. సాయంత్రానికి ఒక పక్క గోడంతా దించేసింది. ఒక్క ఇటుక అంచు చెదరలేదు. "ఏం చెయ్యమ్మా నీది! రేపట్నుంచి మిగతా గోడలూ నువ్వే విప్పు" అని కాంట్రాక్టరు తెగ మెచ్చుకున్నాడు. ఆ ఇటుకలతోనే కిందినుంచి వచ్చిన మేస్త్రీలు కొత్త గోడ మొదలుపెట్టారు. వరస వంకరపోతోందని దూరాన్నించే తెలుస్తోంది. చెప్పడానికి తనెవరు?

ఇంటికొచ్చేసరికి అత్త వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. పెళ్ళయ్యాక ఏనాడూ ఎరగని మర్యాద అది.

"పనిలో పెట్టుకున్నాడటగా! ఏం కట్టావే ఇవాళ?"

"గోడే" అంది తల వంచుకుని, చేతులు కడుక్కుంటూ.

అత్త చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నిన్ను నానా మాటలూ అన్నాను, మనసులో పెట్టుకోకే. రేపు నన్నూ తీసుకెళ్ళు. మోకాళ్ళు పోతే పోనీ, నా కోడలు కట్టిన గోడ నా కళ్ళతో చూసుకోవాలి."