ఇక ఆపుకోను

పనిచోట అందరూ అతన్ని గద్ద అనేవారు. ఇరవై అంతస్తుల ఎత్తున ఉండే క్రేన్ కేబిన్‌లోకి పొద్దున్నే ఎక్కితే సాయంత్రానికి గానీ నేల మీద కాలు పెట్టేవాడు కాదు. మధ్యలో దిగి ఎక్కాలంటే కింద పని ఆగిపోతుంది. "ఆ కాస్త ఆపుకోలేవా?" అని సైటు ఇంజనీరు విసుక్కునేవాడు. గద్ద నీళ్లు తాగడమే తగ్గించేశాడు.

యాభై దాటాక ఒంటేలుకు పోవడం పెద్ద తతంగమైంది. ఎంతసేపు నిలబడినా చుక్కలే తప్ప ధార లేదు.

"లోపల నిద్రపోయారా ఏంటి?" అంటూ భార్య తలుపు కొట్టేది.

"వయసే, వయసు! అందరికీ ఉండేదే."

తర్వాత తిండి సయించడం మానేసింది. కాళ్లు వాచాయి. ఒకరోజు బూటు కాలికి పట్టకపోయేసరికి భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇవాళ వెళ్లేది పనికి కాదు, ఆస్పత్రికి."

"ఆ సంగతి డాక్టరమ్మకి ఎలా చెప్పనే?"

"మీరు చెప్పకండి. నేను చెప్తా."

చెప్పింది కూడా, వరండాలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించేలా. గద్దకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

డాక్టరమ్మ స్కానింగు చూసి అంది: "మీ ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం దారిని నొక్కేసింది. మూత్రం లోపలే నిలిచిపోయి, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని రెండు కిడ్నీలూ ఉబ్బాయి."

"కిడ్నీల్లో నాకు నొప్పే లేదండీ!"

"నొప్పి లేకుండానే పాడవుతాయి. గ్రంథి వయసుతో పెరిగిందే. ఆపుకుని, ఆపుకుని మీరు దాన్ని ముదరబెట్టారు."

మూత్రం పోవడానికి గొట్టం వేసి, దానికి సంచి తగిలించారు. సంచి నిండుతుంటే గద్ద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కేబిన్‌లో గాలివానకి కూడా బెదరనివాడు దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. భార్య అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

కొన్నాళ్లకు వాపు తగ్గింది. కిడ్నీలు ఇంకొంచెం కోలుకున్నాక ఆపరేషన్ అన్నారు. సెలవు అడగడానికి సైటుకి వెళ్తే, కార్మికులంతా టీ తాగుతున్న షెడ్డులోనే ఇంజనీరు ఎదురయ్యాడు.

"ఇంక పైకెక్కే రాత లేదులే నీకు. గేటు దగ్గర కుర్చీ వేయిస్తా." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ సంచీ కాస్త కనపడకుండా దాచుకో. నలుగురూ చూస్తే బాగోదు."

గద్దకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంగి, ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. పిక్కకు కట్టిన సంచీ అందరికీ కనపడింది.

"బాగా చూడండిరా! దాచుకుని, దాచుకునే కిడ్నీల మీదికి తెచ్చుకున్నా. సిగ్గుపడాల్సింది నేను కాదు. మనిషిని పొద్దస్తమానం పైన కట్టేసి ఆపుకోమన్నవాళ్లు! నేను కుర్చీలో కూర్చోను సార్. బాగయ్యి ఆ కేబిన్‌కే వస్తా. నాకు తోడు ఇంకో ఆపరేటర్ని పెట్టండి."

"క్రేన్ ఆగితే ఎవడు పూచీ?"

"మీరే!"

వెనక నుంచి పెద్ద మేస్త్రీ గొణిగాడు. "అన్నా, నాకూ రాత్రిళ్లు ఊరికే లేవాల్సొస్తోంది..."

"సిగ్గయితే మా ఆవిణ్ణి తీసుకెళ్లు. ఆస్పత్రంతా వినేలా చెప్పిపెడుతుంది!"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే బరువులకు క్రేన్ కొక్కేలు తగిలించే కుర్రాళ్లు చేతి తొడుగులు తీసి బల్ల మీద పడేశారు. రెండో ఆపరేటర్ సంగతి తేలేదాకా వాటిని ముట్టుకోలేదు. చివరికి ఇంజనీరు పళ్లు నూరుకుంటూనే ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కిడ్నీలు మాత్రం పూర్తిగా వెనకటిలా కాలేదు. "పోయింది రాదు. ఉన్నది కాపాడుకోండి," అంది డాక్టరమ్మ. గద్ద ఆమె చెప్పినన్నాళ్లూ ఆగి, మళ్లీ నిచ్చెనెక్కాడు.

మొదటి వారంలోనే కేబిన్ రేడియోలో ఇంజనీరు గొంతు. "ఇంకో రెండు బరువులే, కానిచ్చెయ్."

"నాకొస్తోంది సార్, దిగుతున్నా. రెండోవాణ్ణి ఎక్కమనండి."

అవతల్నుంచి కేకలు. గద్ద బరువును జాగ్రత్తగా నేలకు దించి, క్రేన్ ఆపి, తీరిగ్గా నిచ్చెన మీద కాలు పెట్టాడు.